దినోత్సవాలు రాసే అమ్మాయికి

దేవరకొండ,
కందులు కొట్టే రోజులు

బిడ్డా,

నీ నోటుబుక్కు అందింది. రెండు రాత్రులు కూర్చుని చదివాను. దస్తూరి ముత్యాల్లా ఉంది, అచ్చుతప్పులు తక్కువ. మెచ్చుకోలు ఇంతటితో సరిపెట్టుకో. సగం పుస్తకం అయ్యేసరికి నాకు చిరాకెత్తింది.

ఏ పేజీ తిప్పినా ఒకటే ఎత్తుగడ. ఈ రోజు ఫలానా దినోత్సవం, ఈ రోజు ఫలానా మహనీయుడి జయంతి, ఈ రోజు చరిత్రలో మరువలేని రోజు. నీ పుస్తకంలో మరువలేని రోజులు అరవై దాకా ఉన్నాయి. పేజీ తిప్పగానే నేను అన్నీ మరిచిపోయాను.

మార్చి 22 దగ్గర మాత్రం ఆగాను. ప్రపంచ నీటి దినోత్సవం. 1993 నుంచి జరుపుతున్నారనీ, ఆఫ్రికాలో ఆడపిల్లలు నీళ్ళ కోసం మైళ్ళకు మైళ్ళు నడుస్తారనీ రాశావు. ఎక్కడ కూర్చుని రాశావమ్మా ఇది? మర్రిగూడ దిక్కున! తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మీ దిక్కు బోర్లు ఆ గీత దాటి ఎన్నేళ్ళయింది? పళ్ళు గోధుమరంగు తిరిగినవాళ్ళు, నడుము వంగి మంచం పట్టినవాళ్ళు మీ వాడకట్టులోనే ఉంటారు. వాళ్ళను దాటుకుని నువ్వు ఆఫ్రికా పోయావు.

అదే పేజీ అంచున పెన్సిల్‌తో, నీ కోసమే రాసుకున్నట్టు, చిన్నగా ఇలా ఉంది: "నాయనమ్మకు మోచెయ్యి చాపరాదు. బిందె నెత్తికెత్తడానికి నేనే పోవాలె."

ఈ ఉత్తరం ఆ రెండు ముక్కల కోసం రాస్తున్నాను.

నాకొక పిచ్చి ఉంది, నా దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. క్యాలెండర్ చూసి రాసేదాన్ని నేను రాత అనను. మన దగ్గర పెద్దవాళ్ళు ఎన్నడన్నా తేదీ చెప్పగా విన్నావా? నేను పుట్టింది ఎప్పుడని అడిగితే మా అమ్మ, "సాగర్ కాల్వకు నీళ్ళిడిసిన ఏడు, ఎంగిలిపూల తెల్లారి" అనేది, బతుకమ్మ మొదలైన మర్నాడన్నమాట. నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ చేతుల మీదుగా. మా అమ్మకు ఆగస్టూ తెలియదు, నాలుగో తారీఖూ తెలియదు. మిర్యాలగూడ దిక్కు పుట్టింటికి కాన్పుకు పోయింది, తమ్ముళ్ళు కాల్వ చూసొచ్చి చెప్పారు, అంతే. బడిలో చేర్చిన సారు మాత్రం సర్టిఫికెట్‌లో జూన్ 15 వేశాడు. ఆ ఏడు చేరిన పిల్లలందరిదీ జూన్ నెలే. అట్లా సర్కారు లెక్కలో నేను నాలుగు నెలలు ముందే ముసలోణ్ణవుతాను. ఏ తేదీ నిజమో నువ్వే చెప్పు.

నిజాం రాజ్యం ఇండియాలో కలిసిన సెప్టెంబర్ 17 గురించి రెండు పేజీలు నింపావు. విమోచనమా, విలీనమా, సమైక్యతా అని తెగ తర్కించావు. పేరు పెట్టడం లీడర్లకు వదిలెయ్. మా నాయనమ్మ "యూనియన్ మిలట్రీ వచ్చిన ఏడు" అనేది. అంతటితో అయిపోయిందని ఆమె ఎన్నడూ అనలేదు. 1948లో వచ్చిన మిలట్రీ తర్వాత కూడా మన ఊళ్ళలోనే ఉంది, కమ్యూనిస్టు దళాల కోసం వెతికింది. పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లో. మధ్యలో మూడేళ్ళు ఉన్నాయి బిడ్డా, వాటికి దినోత్సవం లేదు. మీ ఇంట్లో ఎవరికన్నా ఆ మూడేళ్ళు గుర్తున్నాయేమో అడిగావా?

నవంబర్ 16, పత్రికా దినోత్సవం పేజీ చూసి మరీ బాధపడ్డాను. 1922లోనే షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపాడు. నీ పేజీలో ఢిల్లీ ఉంది, నల్లగొండ లేదు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారికేమో మే 28న ఒక పేజీ, ఆగస్టు 25న ఒక పేజీ ఇచ్చావు, రెండింట్లోనూ అవే విశేషణాలు. ఆయన ఏం చేశాడు? తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి 1934లో 354 మంది కవులతో సంచిక వేశాడు. జయంతికో వర్ధంతికో ఆగితే అయ్యే పనా అది?

నేనూ ఈ గుంటలో పడ్డవాణ్ణే. ఇందిరాగాంధీ చనిపోయినప్పుడు నాకు పదిహేడేళ్ళు. కన్నీళ్ళు పెట్టుకుని ఎనిమిది పేజీల వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపాను. "ఆలస్యమైంది, వచ్చే ఏడు ఇదే తేదీకి పంపండి" అని కార్డు వచ్చింది. అదే ఎడిటర్ తర్వాత నా కథలో "సద్ది"ని ప్రతిచోటా "చద్ది" చేశాడు. సంక్రాంతి సంచిక కాబట్టి చివర ఒక ముగ్గు కూడా వేయించాడు. కరువు కథకు ముగ్గేందయ్యా! ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది. ఇప్పుడు ఎడిటర్లు కూడా అక్కర్లేదు. పొద్దున లేస్తే ఫోన్ నిండా దండలు వేసిన ఫోటోలే.

ఆ వ్యాసం ఎటో పోయింది. మా నాయన కిరాణా కొట్టు చిట్టా మాత్రం నా దగ్గరుంది. 1984 అక్టోబర్ 31 కింద ఇలా ఉంటుంది: "దీపాల యాళ్లకు బంద్. బేరం 31 రూపాయలు." మర్నాడు: "బంద్." దాని కిందే సన్నగా: "వెనక తలుపు. వాము, శొంఠి, బాలింతకు. బాకీ." దేశమంతా మూతపడ్డ రోజున మా వాడలో ఒక పిల్ల పుట్టిందన్నమాట. నా ఎనిమిది పేజీల్లో అది లేదు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, తలుపు చప్పుడు విన్నాను కూడా.

రోజూ రాయాలా, రాయని రోజు తప్పు చేసినట్టు టెన్షన్ పడుతున్నానని అడిగావు. ఎవరూ చదవడం లేదని కూడా వాపోయావు. బేరం లేని రోజు మా నాయన ఒక అడ్డగీత గీసి పడుకునేవాడు. ఆ చిట్టా ఎవరు చదువుతారని ఆయన అడగగా నేను వినలేదు. కలం పేరు సంగతి, పుస్తకం వేయించే సంగతి మళ్ళీ ఎప్పుడన్నా మాట్లాడుకుందాం.

ముందు నాయనమ్మ దగ్గర కూర్చో. చెయ్యి చాపరాకుండా అయింది ఎప్పటి నుంచో అడుగు. ఆమె 1990 అనో 95 అనో చెప్పదు. "ఫలానా బోరు ఏసిన ఏడు" అంటుంది, లేకపోతే మీ నాయన పెళ్ళికి తలంబ్రాలు పోయగలిగిందో లేదో చెబుతుంది. ఎట్లా చెబితే అట్లా రాయి. అంతకుముందు తాగిన చేదబావి ఎక్కడుందో, దాన్ని ఎందుకు విడిచిపెట్టారో కూడా అడుగు. వీలైతే ఆ బావి దాకా పోయిరా.

నోటుబుక్కు మీ ఊరి బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపుతున్నాను. మార్చి 22 పేజీలో సిరాతో రాసిందంతా కొట్టేశాను, కోపం చేసుకోకు. పెన్సిల్ ముక్క జోలికి పోలేదు. వెనకాల ఇంకా పదకొండు తెల్లకాగితాలున్నాయి.

ఆశీస్సులతో,
మీ దేవరకొండ పెదనాయన