వెనక బ్రేక్ పిస్టన్ ఎంత నొక్కినా లోపలికి పోవట్లేదు, ఎందుకు?

ఇంట్లోనే వెనక డిస్కులు, ప్యాడ్లు మారుస్తున్నాను, సీ క్లాంప్ ఎంత బిగించినా పిస్టన్ కదలట్లేదు అన్నారు కదా, ముందు ఆ బిగించడం ఆపేయండి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ నేరుగా కాలిపర్‌కే (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) వచ్చే కార్లలో వెనక పిస్టన్ లోపల మర ఉంటుంది, అది ఉత్తినే నొక్కితే పోదు, తిప్పుతూ నొక్కాలి, బలవంతం చేస్తే లోపల మెకానిజం పోయి కాలిపర్ మొత్తం మార్చాల్సొస్తుంది. పిస్టన్ మొహం మీద చిన్న గాట్లు కనిపిస్తాయి చూడండి, విండ్‌బ్యాక్ టూల్ (పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి నెట్టే పనిముట్టు) పళ్లు వాటిలోనే కూర్చుంటాయి, చాలా కార్లకి కుడివైపు తిప్పాలి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ అయితే మాత్రం ముందు సర్వీస్ మోడ్‌లో (బ్రేక్ మోటార్ వెనక్కి పోయి పిస్టన్‌ని వదిలే స్థితి) పెట్టాకే చెయ్యి వెయ్యండి.

పిస్టన్ వెనక్కి పోతుంటే బ్రేక్ ఆయిల్ పైకొస్తుంది, బానెట్ కింద ఆ ఆయిల్ ఉండే డబ్బా మీద ఓ కన్నేసి ఉంచండి, పొంగి పడితే పెయింట్ లేచిపోతుంది.

హ్యాండ్ బ్రేక్ దించే ఉంటుంది కాబట్టి ముందు చక్రాలకి అడ్డు పెట్టి, బండిని స్టాండ్ మీద నిలపండి, ఒట్టి జాకీని అస్సలు నమ్మొద్దు.

హబ్ (డిస్క్ కూర్చునే భాగం) మీద తుప్పుని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకండి, అక్కడ చిన్న పొక్కు మిగిలినా డిస్క్ వంకరగా కూర్చుంటుంది, కొన్నాళ్లకి పెడల్ అదరడం మొదలవుతుంది. కొత్త డిస్క్ మీద నూనె పూత ఉంటే బ్రేక్ క్లీనర్‌తో తుడిచెయ్యండి. కాలిపర్‌ని గొట్టానికి వేలాడదీయకుండా తీగతో స్ప్రింగ్‌కి కట్టండి.

అంతా బిగించాక బండి కదిపే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, దయచేసి ఇది మర్చిపోవద్దు, మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ నేల దాకా పోతుంది.