కొత్త కలంకారీ చీర నుంచి పసుపు నీళ్ళు కారితే అది నకిలీ అనుకోవాలా?

మీరు రాసిన దాన్ని బట్టి, చెన్నైలో ఒక హస్తకళల ప్రదర్శనలో చేతివ్రాత కలంకారీ, అంటే బొమ్మలన్నీ కలంతో చేతితో గీసినది, అని చెప్పిన నూలు చీరను కొన్నారు. ఇంట్లో మొదటిసారి ఉతికినప్పుడు బకెట్టులో నీళ్ళు పసుపుపచ్చగా మారాయి, ఆరిన తరువాత చీర అడుగు రంగు మీగడ ఛాయ పోయి బూడిద రంగుకు తిరిగింది, బొమ్మల నల్ల గీతలు మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మినవాళ్ళు మోసం చేశారా, ఇక మీదట ఎలా ఉతకాలి అన్నది మీ ప్రశ్న. నా సమాధానం ఏమిటంటే, ఆ పసుపు నీళ్ళు చీర అసలుదే అయి ఉండవచ్చునని చెప్పే గుర్తు. బూడిద రంగుకు కారణం చాలావరకు మీ ఇంటి కుళాయి.

నా పుట్టిల్లు శ్రీకాళహస్తి. పెళ్ళయినప్పటి నుంచి, అంటే దాదాపు ముప్పై ఏళ్ళుగా, చెన్నైలోనే ఉంటున్నాను. మొదట పెరంబూరులో, ఇప్పుడు తిరువాన్మియూరులో. నేను వ్రాతపని చేసే కుటుంబంలో పుట్టలేదు. అయితే మా వీధిలో ఆ పని చేసే ఇళ్ళు రెండు ఉండేవి, బడి వదలగానే ఆ అరుగుల మీదే కూర్చునేవాళ్ళం. మా ఊళ్ళో పెద్దవాళ్ళు దీనిని వ్రాతపని అనే అనేవారు. కలంకారీ అన్న మాట బయటి నుంచి వచ్చి ఊరి పేరు పక్కన స్థిరపడింది. 1950లలో హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలు కాకపోయి ఉంటే మా తరానికి ఆ పనిని చూసే భాగ్యం ఉండేదే కాదని మా నాన్నగారు చెప్పేవారు.

గుడ్డ తయారయ్యే పద్ధతి తెలిస్తే మీ బకెట్టులో ఏం జరిగిందో తెలుస్తుంది. ముందుగా గంజి ఉన్న ముతక నూలు గుడ్డను పేడ నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన పాలలో, ఎక్కువగా గేదె పాలలో, ముంచి పిండి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వలన కలంతో గీసిన గీత గుడ్డ మీద చెదరకుండా నిలుస్తుంది. కరక్కాయలోని వగరు పదార్థం రంగులను పట్టుకుంటుంది. కొత్త చీరను ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చే ఆ పాత పాల వాసన ఇదే. చాలామంది దానిని చూసి నిల్వ సరుకు అనుకుని వెనక్కి ఇచ్చేస్తారు, పాపం అమ్మేవాళ్ళు ఎంత చెప్పినా వినరు. కరక్కాయ గుడ్డకు లేత పసుపు ఛాయ ఇస్తుంది, ఆ ఛాయలో కొంత భాగం పోగులకు అంటీ అంటకుండా పైపైన ఉండిపోతుంది. మొదటి రెండు మూడు ఉతుకులలో నీళ్ళలోకి వచ్చేది ఆ మిగులే.

నల్ల గీత సంగతి వేరు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టి తీసిన ద్రవాన్ని కసిం అంటారు. కుండలో ఉన్నప్పుడు అది నల్లగా ఉండదు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారం కట్టిన కలంతో దానిని కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీయగానే, కళ్ళ ముందే, గీత నల్లబడుతుంది. చిన్నప్పుడు మాకు అది గారడీలా ఉండేది. ఇనుము, కరక్కాయ కలిస్తే నలుపు పుడుతుంది. వెనకటి వాళ్ళు కరక్కాయ, ఇనుప లవణమైన అన్నభేది కలిపి సిరా చేసుకున్నది కూడా ఈ గుణంతోనే. ఎరుపు కోసం పటిక నీళ్ళతో రాసి, ఆగి, పారే నీళ్ళలో ఉతికి, మంజిష్ఠ వంటి వేళ్ళు, చెక్కలు వేసిన గాబులో ఉడకబెడతారు. పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. పసుపు, నీలం చివరలో వస్తాయి. రంగుకూ రంగుకూ మధ్య ఒక ఉతుకు, ఒక ఎండ తప్పదు, అందుకే స్వర్ణముఖిలో నీళ్ళు లేని వేసవిలో పని నెమ్మదించేది.

ఇప్పుడు మీ చీర బూడిద రంగుకు వద్దాం. కలం పట్టకుండానే మీరు మీ బాత్రూములో కసిం రాశారు. చెన్నైలో చాలా అపార్టుమెంట్లలో వాడుకకు వచ్చేది బోరు నీళ్ళు. కొన్ని పేటలలో ఆ నీళ్ళలో ఇనుము ఎక్కువ, బకెట్టు అడుగున, టైల్స్ మీద ఎర్రటి చార కట్టడం మీరూ చూసే ఉంటారు. ఆ ఇనుము గుడ్డలోని కరక్కాయను తాకితే గీత నల్లబడినట్టే అడుగు అంతా కొద్దికొద్దిగా నల్లబడుతుంది. ఈ సంగతి నాకు 2019 వేసవిలో తెలిసింది. ఆ ఏడు నగరానికి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోయి మేమంతా లారీ నీళ్ళ మీద బతికాము. పెద్దమ్మ కూతురు సీమంతానికి కట్టుకున్న చీరను ఏ నీళ్ళో ఆలోచించకుండా ఆ లారీ నీళ్ళలో నానబెట్టాను, అదీ రాత్రంతా. తెల్లవారి చూస్తే మీగడ రంగు మీద పొయ్యి పొగ పట్టినట్టుగా ఉంది. రంగు పోయిందని నేను ఏడిస్తే, తరువాత ఊరికి వెళ్ళినప్పుడు ఆ చీర రాసిన పెద్దాయన చూసి, "రంగు పోలేదమ్మా, రంగు ఎక్కింది" అని నవ్వారు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. బూడిద ఛాయ పోగొట్టాలని నేను ఇంకొక చీర మీద నిమ్మరసం ప్రయోగించాను. సిరా మరకకు నిమ్మచెక్క, ఉప్పు రుద్దే చిట్కా మా అత్తగారు చెప్పినదే, నిజంగానే పనిచేస్తుంది కూడా. కానీ సిరా, కసిం ఒకే జాతివని చెప్పాను కదా. బూడిద ఛాయతో పాటు కొంగు మీది గోపికల కళ్ళు, కనుబొమలు కూడా వెలిసిపోయాయి. కాబట్టి నిమ్మకాయ, వెనిగర్, చింతపండు వంటి పులుపు ఏదీ మీ చీర దగ్గరకు రానివ్వకండి. బూడిదను తీసేది ఏదైనా నల్ల గీతను కూడా తీస్తుంది. ఈ విషయంలో మధ్యే మార్గం నాకు ఇంతవరకు దొరకలేదు.

పులుపు ఒక శత్రువు అయితే క్షారం ఇంకొకటి. దీనికి పెద్ద రసాయన శాస్త్రం అక్కరలేదు. పెళ్ళిలో ఎర్రనీళ్ళు దిష్టి తీసేటప్పుడు పళ్ళెంలో పసుపు కలిపి సున్నం వేస్తే నీళ్ళు ఎర్రబడడం మనందరికీ తెలుసు, పసుపు మరక మీద సబ్బు రుద్దితే మరక ఎర్రగా మారడం కూడా తెలుసు. మొక్కల నుంచి తీసిన రంగులు చాలావరకు ఇలా పులుపుకూ క్షారానికీ లొంగేవే. బట్టల పొడులలో సోడా ఉంటుంది. దానితో ఉతికితే మంజిష్ఠ ఎరుపు ఊదా వైపు తిరుగుతుంది, పసుపు గోధుమ రంగుకు దిగుతుంది. పైగా తెల్లబట్టలు మెరవడానికి కలిపే పదార్థం మీగడ రంగు మీద చేరి దానికి ట్యూబులైటు వెలుగు లాంటి ఒక చల్లని తెలుపును తెస్తుంది, అది ఎంతమాత్రం బాగుండదు.

ఉతకడానికి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. మొదటి మూడు ఉతుకులూ విడిగా, చల్లని నీళ్ళలో, పది నిమిషాలకు మించకుండా, వాషింగ్ మెషీను జోలికి పోకుండా చేస్తాను. నీళ్ళ కోసం వంటింటి ఆర్‌ఓ నీళ్ళు రెండు బకెట్లు పట్టుకుంటాను, వానాకాలమైతే అదీ అక్కరలేదు. 2003లో తమిళనాడులో ప్రతి భవనానికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేశారు కదా, మా మేడ మీది గొట్టానికి అడ్డంగా ఒక డ్రమ్ము పెట్టాము. మొదటి వానను వదిలేసి తరువాతి వానల నీళ్ళు పడితే కలంకారీకి అంతకన్నా మంచి నీళ్ళు ఈ ఊరిలో దొరకవు. అందుకే నా ఖరీదైన చీరల ఉతుకు అంతా అక్టోబరు, నవంబరు నెలలలో పెట్టుకుంటాను, ఎండ కూడా అప్పుడు మెత్తగా ఉంటుంది. మురికి ఎక్కువగా ఉంటే పలుచని కుంకుడు రసాన్ని వడకట్టి, అది కూడా బకెట్టు నీళ్ళలో కలిపిన తరువాతే వాడతాను, చీర మీద నేరుగా పోయను. లేదంటే సోడా లేని షాంపూ ఒక చెంచాడు చాలు. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలిచిపోతుందని అందరూ చెబుతారు. ఉప్పు ఉన్నంతసేపు కొన్ని రంగులు నీళ్ళలోకి తక్కువగా దిగవచ్చు, మరుసటి ఉతుకులో ఉప్పు లేకపోతే మళ్ళీ దిగుతాయి. కలంకారీకి నేను ఉప్పు వేయడం మానేశాను. పిండకుండా నీళ్ళు ఓడ్చి, తిరగేసి నీడలో ఆరవేస్తాను, ఇస్త్రీ కూడా లోపలి వైపు నుంచే.

ఒక్క మాట గంజి గురించి. కట్టుకునే రోజుల్లో పలుచని గంజి చీరకు నిలువు ఇస్తుంది, కాని గంజి పెట్టిన చీరను బీరువాలో దాచడం వెండిపురుగులకు భోజనం పెట్టడమే. సముద్రానికి దగ్గరగా ఉండే మా పేటలో నవంబరు చెమ్మకు బూజు కూడా పడుతుంది. గంజి వదిలేలా జాడించి, పూర్తిగా ఆరిన తరువాత, మా నాన్నగారి పాత పంచె ముక్కలో చుట్టి, రెండు వస కొమ్ములు పక్కన పెడతాను, మూడు నెలలకు ఒకసారి మడత మారుస్తాను.

ఇక నకిలీ సంగతి. నేనూ మోసపోయాను. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రదర్శనలో, పేరు అనవసరం, చేతివ్రాత అన్న చీటీతో ఒక చీర పన్నెండు వందలకు ఇచ్చారు. చేతితో రాసిన ఆరు గజాల చీరకు వారాలు పడుతుందని తెలిసి కూడా ఆ ధరకు ఆశపడ్డాను, తప్పు నాది కూడా. ఇంటికి వచ్చి పరిచి చూస్తే మూరకు ఒకసారి అదే నెమలి, అదే తోక, తోకలో ఒకే చోట అదే చిన్న విరుగు. అది స్క్రీన్ ముద్ర. ఆ చీర నుంచి ఎన్నిసార్లు ఉతికినా ఒక్క చుక్క పసుపు రాలేదు, పాల వాసన అసలే లేదు. అప్పటి నుంచి చీర కొనేటప్పుడు ఒకే బొమ్మ రెండు చోట్ల ఉంటే పక్కపక్కన పెట్టి చూస్తాను: చేతితో గీసినవి కవలల్లా ఉంటాయి కానీ ఒకటే కావు, కలం కసింలో ముంచి తీసిన చోట గీత లావుగా మొదలై సన్నబడుతుంది. గుడ్డ వెనకవైపు కూడా తిప్పి చూస్తాను. ఉడికిన రంగు పోగులలోకి దిగుతుంది కాబట్టి వెనక కూడా బొమ్మ తెలుస్తుంది, పైన అంటించిన రంగుకు వెనక వెలవెలబోతుంది.

అలాగని ముద్ర అంతా నకిలీ అనకండి. మచిలీపట్నం దగ్గర పెడనలో టేకు అచ్చులతో చేసే అద్దకం కూడా కలంకారీయే, అందులో ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ రావడం సహజం. అచ్చు అంచులు కలిసే చోట ఒక వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే రోజూ ఆఫీసుకు కట్టుకోవడానికి నేను సలహా ఇచ్చేది పెడన అద్దకమే. లోకల్ రైలులో నలిగి, చెమటకు తడిసి, వారానికి ఒకసారి ఉతుకు పడే జీవితానికి శ్రీకాళహస్తి చేతివ్రాత తగినది కాదు. దానిని ఏడాదికి నాలుగుసార్లు కట్టుకుని, రెండుసార్లు ఉతకడం మంచిది.

రంగు కారడమే మోసం అనే అభిప్రాయానికి మన చెన్నైయే ఒక సమాధానం. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఇక్కడి పాలకులైన దామర్ల నాయకుల నుంచి ఈ తీరాన్ని తన కంపెనీకి సంపాదించడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడ గుడ్డ చౌకగా దొరకడం. చింతాద్రిపేట నేతగాళ్ళ కోసం వెలసిన పేట, వాషర్‌మన్‌పేట ఆ గుడ్డను ఉతికి తెల్లబరిచిన వాళ్ళ పేట. ఆ తరువాత ఎప్పుడో, 1950ల చివరా 1960లలోనూ, మద్రాసు గళ్ళ గుడ్డ అమెరికా వెళ్ళినప్పుడు ఉతికిన ప్రతిసారీ గళ్ళు ఒకదానిలోకి ఒకటి కారడాన్ని లోపంగా కాక గొప్పగా చెప్పి అమ్ముకున్నారు. మీ చీర కనీసం అంత దూరం కూడా పోలేదు, కారింది మిగులు కరక్కాయ ఒక్కటే.

ఇంకా అనుమానం ఉంటే, కుట్టులో కొంగు చివర మిగిలిన చిన్న పీలికను తీసుకుని రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని కుళాయి నీళ్ళలో, ఇంకొకదాన్ని ఆర్‌ఓ నీళ్ళలో ఒక రాత్రి ఉంచి చూడండి. మొదటిది మాత్రమే నల్లబడితే ఆ అమ్మినవాళ్ళ మీద కోపం మానేసి, వచ్చే వానలకు ఒక డ్రమ్ము కొనండి.