యూనిట్లు చివర్లో తగిలించుకునేవి కావు

చిరంజీవికి,

నీ భౌతికశాస్త్ర పుస్తకం రాతప్రతి అందింది. వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు. భాష బాగుంది, ఆపకుండా చదివిస్తుంది. ఇక అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే మూడో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది, రెండు రోజులైనా తగ్గలేదు.

ఫలానా సెకనులో వస్తువు ఎంత దూరం పోతుందో చెప్పే ఫార్ములా ఇచ్చావు. ఎన్నో సెకనో ఆ సంఖ్యలోంచి అర తీసేసి, త్వరణంతో గుణించి, తొలి వేగానికి కలపమన్నావు. బాగానే ఉంది. దాని కిందే "ఇది మితుల ప్రకారం సరిపోదు, కానీ జవాబు కరెక్టుగానే వస్తుంది, కాబట్టి మినహాయింపుగా గుర్తుపెట్టుకోండి" అని రాశావు. మినహాయింపా? మితులంటే ఒక రాశిలో పొడవు, ద్రవ్యరాశి, కాలం ఏవి ఎన్నో ఘాతంలో ఉన్నాయో చెప్పేవి. మితులు కలవని రాశులను కూడకూడదనే నియమానికి భౌతికశాస్త్రంలో మినహాయింపు అనేదే లేదు. ఫ్రెంచ్ గణితవేత్త ఫూరియే 1822లోనే, ఉష్ణం మీద రాసినప్పుడు, సమీకరణంలో ప్రతి పదానికీ ఒకే మితులు ఉండి తీరాలని చెప్పాడు. అప్పటినుంచి ఎవరూ దాన్ని దాటింది లేదు. నీ పుస్తకం చదివే పదిహేనేళ్ల పిల్ల ఆ ఒక్క వాక్యంతో ఏం నేర్చుకుంటుందో ఆలోచించావా? నియమం అప్పుడప్పుడూ పనిచేయదని నేర్చుకుంటుంది. ఇక జన్మలో దాన్ని నమ్మదు.

కాగితం తీసుకో. తొలి వేగం సెకనుకు 10 మీటర్లు, త్వరణం సెకను వర్గానికి 4 మీటర్లు అనుకుందాం. మూడో సెకనులో పోయిన దూరం కావాలి. మొదటి 3 సెకన్లలో 48 మీటర్లు, మొదటి 2 సెకన్లలో 28 మీటర్లు, తేడా 20 మీటర్లు. ఇందులో గొడవేం లేదు. ఇప్పుడు నీ ఫార్ములా దగ్గరికి రా, కానీ ఈసారి యూనిట్లు వదలకుండా రా. సెకనుకు 10 మీటర్ల వేగంతో ఎంతసేపు? ఆ మూడో సెకను పొడవునా, అంటే 1 సెకను పాటు. కాబట్టి 10 మీటర్లు. త్వరణం 4 కదా, దాన్ని రెండున్నర సెకన్లతో గుణిస్తే సెకనుకు 10 మీటర్లు వస్తుంది. అది దూరం కాదు, మూడో సెకను నడిమధ్యకు వచ్చేసరికి పెరిగిన వేగం. దాన్ని కూడా ఆ 1 సెకనుతో గుణిస్తే ఇంకో 10 మీటర్లు. మొత్తం 20. మితులు ఎక్కడ తప్పాయి చెప్పు? ఒకటితో గుణిస్తే ఏం మారుతుందిలే అని ఎవరో ఆ 1 సెకనును రాయడం మానేశారు, అంతే. సంఖ్య మారదు, నిజమే. వేగం కాస్తా దూరం అయ్యేది మాత్రం ఆ ఒకటి వల్లే. నమ్మకపోతే సెకనుకు బదులు అర సెకను వ్యవధి తీసుకుని అదే ఫార్ములా వాడి చూడు, కుప్పకూలుతుంది.

నీ రాతప్రతి అంతటా ఉన్న జబ్బు ఇదే. ప్రతి లెక్కలోనూ మొదటి వరుసలో యూనిట్లు రాస్తావు, రెండో వరుసకు వచ్చేసరికి ఉత్త అంకెలే మిగులుతాయి, చివర్లో జవాబు పక్కన ఒక యూనిట్ అతికిస్తావు. "యూనిట్ రాయకపోతే అర మార్కు పోతుంది" అని పైగా హెచ్చరిక! యూనిట్ అనేది అర మార్కు కోసం కాదయ్యా. 5 అంటే ఏమీ కాదు, 5 మీటర్లు అంటేనే ఒక రాశి. సంఖ్యను ఎలా గుణిస్తావో, భాగిస్తావో, యూనిట్‌నూ అలాగే గుణించు, భాగించు, కొట్టెయ్యి. కావలసింది బలం అయితే చివరికి కిలోగ్రాం మీటరు బై సెకను వర్గం దానంతటదే తేలాలి. తేలకపోతే తప్పు ఏ వరుసలో జరిగిందో వెనక్కి వెళ్లి పట్టుకోవచ్చు. జవాబు పక్కన నువ్వే చేత్తో రాసేస్తే ఇక పట్టుకునేదేముంది?

ఇది నాకు తలకెక్కిన పిచ్చి అంటారు. అననీ. నా మొదటి పుస్తకాన్ని ట్యూషన్లు చెప్పుకుంటూ రాత్రిళ్లు రాశాను, ప్రతి వరుసలో యూనిట్లతో సహా. అచ్చుకు ఒప్పుకున్న సంపాదకుడు నన్ను అడక్కుండా వాటన్నిటినీ తీసేయించాడు. పేజీ గజిబిజిగా ఉందట, కాగితం ఖర్చు పెరుగుతుందట. పుస్తకం చేతికొచ్చాక చూసుకుంటే, ఏ పద్ధతి చెప్పాలని నేను ఆ పుస్తకం రాశానో ఆ పద్ధతే అందులో లేదు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. ఆ తర్వాత ఎవరితో ఒప్పందం చేసుకున్నా మొదటి షరతు అదే పెట్టాను, దానివల్ల పోగొట్టుకున్న అవకాశాలు ఉన్నాయి, పోతే పోనీ.

ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది. మితి విశ్లేషణ అంటే నాలుగు ఆప్షన్లలో మూడింటిని కొట్టేసే షార్ట్‌కట్ అని. నువ్వు కూడా ఒక అధ్యాయం నిండా అదే చేశావు. ఆ అధ్యాయం తీసెయ్. వస్తువును తిప్పే ప్రభావమైన టార్క్‌కీ శక్తికీ మితులు ఒకటే, మరి వాటిని ఆప్షన్లలో ఎలా విడదీస్తావు? జవాబులో 2π ఉందో అర ఉందో మితులు చెప్పగలవా? ఆ పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో చెప్పకుండా ట్రిక్కుగా అమ్మడం పిల్లల్ని మోసం చేయడమే.

అంగారకుడి దగ్గర పోయిన నాసా నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌తో పుస్తకం మొదలుపెట్టావు. అందరూ దానితోనే మొదలుపెడతారు, సరే, కానీ దాన్ని మితుల పొరపాటు అన్నావు. కాదు. 1999లో ఆ నౌక పోయింది యూనిట్ల వల్ల. ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల ప్రచోదనాన్ని, అంటే బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేదాన్ని, పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇస్తే, అవతలివాళ్లు న్యూటన్ సెకన్లుగా తీసుకున్నారు. తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. రెండింటి మితులూ ఒకటే! మితులు ఎంత సరిచూసినా ఆ తప్పు దొరికేది కాదు. యూనిట్‌ను అంకెతో పాటు మోసుకెళ్లి ఉంటేనే దొరికేది. నేను ఇందాకటినుంచి మొత్తుకుంటున్నది ఇదే.

బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త టేలర్ కథ మాత్రం ఉంచు, కానీ సరిగ్గా చెప్పు. 1945 నాటి ట్రినిటీ అణుపరీక్ష ఫోటో చూసి నిమిషాల్లో బాంబు శక్తి చెప్పేశాడని రాశావు. ఆయన ఆ సిద్ధాంతాన్ని 1941లోనే తయారు చేసుకున్నాడు, ఫోటోలతో సరిచూసి 1950లో ప్రచురించాడు. మాయ లేదు, పని ఉంది. ఆ పనిని పాఠకుడి చేత చేయించు. పేలిన 0.025 సెకన్లకు అగ్నిగోళం వ్యాసార్ధం దాదాపు 130 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోగ్రాములు. ఈ మూడింటితో శక్తి యూనిట్ రావాలంటే దారి ఒక్కటే: వ్యాసార్ధం అయిదో ఘాతాన్ని సాంద్రతతో గుణించి కాలం వర్గంతో భాగించాలి. మీటరు అయిదో ఘాతంలోంచి సాంద్రతలోని ఘనపు మీటరు వల్ల మూడు పోయి రెండు మిగులుతాయి, కిందికి సెకను వర్గం వస్తుంది, కిలోగ్రాం మీటరు వర్గం బై సెకను వర్గం, అదే జౌల్. అంకెలు వేస్తే 7 పక్కన 13 సున్నాలు, అంటే దాదాపు 17 కిలోటన్నుల టి.ఎన్.టి. పేలుడు పదార్థానికి సమానం. ముందుండే స్థిరాంకం ఎంతో మితులు చెప్పవని, అది ఇంచుమించు 1 అని టేలర్ విడిగా లెక్క కట్టాడని కూడా రాయి, దాచకు.

ప్రచురణకర్తల గురించి, కలం పేరు గురించి అడిగావు. వాటికి ఇప్పుడు తొందరేం లేదు.

లఘులోలకం దగ్గర ఒక్క మార్పు చెయ్యి. ఆవర్తన కాలం దారం పొడవు మీద, గురుత్వ త్వరణం మీద ఆధారపడుతుందని ముందే చెప్పేసి లెక్క మొదలుపెట్టావు. గుండు ద్రవ్యరాశిని కూడా అందులో వెయ్యి. సమీకరణానికి ఒక పక్క ఉన్నది సెకన్లు మాత్రమే, కాబట్టి రెండో పక్క కిలోగ్రాం ఘాతం సున్నా అయి తీరాలి. బరువైన గుండు త్వరగా ఊగుతుందని అనుకునే పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్లు ఆ సున్నాను తమ చేత్తో రాబట్టుకోనివ్వు, ముందే చెప్పి చెడగొట్టకు. మూడో అధ్యాయం తిరగరాశాక పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన