పిట్ నిండలేదంటే సంబరపడకండి: బెంగళూరులో ఇల్లు చూసుకునే మనవాళ్లకు

ఇల్లు కొందామని హొరమావు, కె.ఆర్.పురం, సర్జాపుర రోడ్డు వైపు తిరిగే మనవాళ్లు నన్ను అడిగేవి ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు. ఏ ఖాతానా, బీ ఖాతానా (ఆస్తి రికార్డు సక్రమమా, కాదా)? కావేరి కనెక్షన్ ఉందా? బోరు ఎన్ని అడుగులు? స్కూలు బస్సు వస్తుందా? ఇంట్లోకి వచ్చే నీళ్ల గురించి ఇంత ఆరా తీస్తారు గానీ, బయటికి పోయే మురుగునీళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తినా ఓనరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. “పిట్ ఉంది సార్, పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా నిండలేదు.” ఆ మాటతో మనవాళ్లకు ధైర్యం వస్తుంది. నేనైతే వెంటనే బోరు ఎక్కడ వేశారో చూస్తాను.

లెక్క వేసి చూడండి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలన్నది ప్రభుత్వం వేసుకునే లెక్క. నలుగురున్న ఇంట్లో 500 లీటర్ల పైమాటే. అన్ని నీళ్లు రోజూ ఒకే గోతిలో పడుతున్నా ఏళ్ల తరబడి అది నిండలేదంటే, మురుగంతా ఉన్నదున్నట్టు నేలలోకి దిగిపోతోందన్నమాట. ఇక్కడ చాలా ఇళ్లలో పిట్ అంటే బాగా లోతుగా తవ్వి, చుట్టూ రాళ్లో సిమెంటు రింగులో పేర్చి, అడుగు మట్టిగానే వదిలేసి, పైన బండ కప్పిన గొయ్యి. అమ్మేటప్పుడు దాన్నే సెప్టిక్ ట్యాంకు అనేస్తారు. రెండింటికీ పొంతనే లేదు.

అసలైన సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది. వాడకం మొదలైన కొద్ది రోజులకే నిండుతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్లు లోపలికి వస్తే అన్ని నీళ్లు అవతలి గొట్టంలోంచి బయటికి పోతాయి. లోపల రెండు అరలుంటాయి, మొదటిది పెద్దది, ట్యాంకు పొడవులో మూడింట రెండొంతులు. నీళ్లు ట్యాంకులో కనీసం ఒక రోజు నిలకడగా ఉండాలి. బరువైనది అడుగుకు చేరుతుంది, నూనె, జిడ్డు పైన తెట్టులా కడతాయి, మధ్యలో కాస్త తేటగా ఉన్న నీళ్లు మాత్రమే బయటికి పోవాలి. అందుకే బయటికి పోయే చోట మామూలు గొట్టం పెట్టరు, టీ ఆకారంలో ఉన్నది పెడతారు. దాని కింది కాలు తెట్టు దాటి నీళ్లలోకి దిగి ఉంటుంది. కొత్తగా కట్టిస్తుంటే మేస్త్రి ఆ టీ పెట్టాడో లేదో మూత వేసేలోపే చూసుకోండి. తర్వాత చూడటం ఎవరి తరమూ కాదు. ఇంకొకటి, వాడకానికి ముందు సంపును పరీక్షించినట్టే దీన్నీ మంచినీళ్లతో నింపి ఒక రోజు వదిలేయండి. మట్టం తగ్గితే ప్లాస్టరింగ్ మళ్లీ చేయించాల్సిందే.

అయితే ట్యాంకు చేసేది సగం పనే. బయటికి వచ్చే నీళ్లు తేటగా కనిపించినా రోగక్రిములు అలాగే ఉంటాయి, అమ్మోనియా అలాగే ఉంటుంది. మిగతా సగం పని మట్టి చేయాలి. గాలి ఆడే పై మట్టిలో ఉండే సూక్ష్మజీవులు ఆ నీళ్లను మెల్లగా శుభ్రం చేస్తాయి. కాబట్టి నీళ్లు ఇంకించే గొయ్యి వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. ఇక్కడి పిట్‌లు సరిగ్గా దానికి తలకిందులు. బాగా లోతుకు వెళ్లి, పని చేసే ఆ పై మట్టిని దాటేసి, మురుగును నేరుగా రాతి దాకా తీసుకెళ్తాయి. మన గుంటూరు, కర్నూలు నల్లరేగడిలో ఇంకుడు గొయ్యి తవ్వితే నీళ్లు ఇంకక పైకే వస్తాయి, ఇబ్బంది అప్పుడే తెలిసిపోతుంది. బెంగళూరులో పైన ఎర్రమట్టి, దాని కింద మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి రాయి, అందులో పగుళ్లు. నీళ్లు చప్పుడు లేకుండా దిగిపోతాయి. మన బోరులోకి నీళ్లొచ్చేదీ ఆ పగుళ్లలోంచే. వెయ్యి అడుగుల బోరు కదా, అంత లోతుకు మురుగేం వస్తుందిలే అనుకోకండి. కేసింగ్ పైపు పైన మెత్తటి పొర వరకే వేస్తారు, కింద ఉన్నది వట్టి రాయే.

దూరం సంగతి చూద్దాం. సెప్టిక్ ట్యాంకులకు ఐఎస్ 2470 అని భారత ప్రమాణం ఒకటుంది. దాని ప్రకారం మురుగు ఇంకించే చోటుకూ తాగే నీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలి, అంటే దాదాపు 60 అడుగులు. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా కొనేది థర్టీ ఫార్టీ సైటు, అంటే 30 అడుగులకు 40 అడుగులు. ఈ మూల నుంచి ఆ మూలకు టేపు పట్టినా 50 అడుగులే. రూలు ప్రకారం ఆ సైటులో బోరూ, ఇంకుడు గొయ్యీ రెండూ పట్టవు. పట్టించేస్తున్నారు, అది వేరే సంగతి. పైగా మీరు బోరును ఈ గోడకు జరిపితే అక్కడ పక్కింటి వాళ్ల పిట్ ఉంటుంది.

అందుకే నా మాట సూటిగా చెప్తున్నా. డ్రైనేజీ లైను రాని వీధిలో, బోరు నీళ్లే తాగాల్సిన థర్టీ ఫార్టీ ఇల్లు ఎంత చవకగా వచ్చినా వద్దు. అద్దెకైతే ఉండొచ్చు గానీ తాగే నీళ్ల సంగతి ముందే తేల్చుకోండి. ల్యాబ్‌లో రెండు పరీక్షలు తప్పనిసరి, ఒకటి కోలిఫాం (మలం కలిసిందేమో చెప్పే బ్యాక్టీరియా), రెండోది నైట్రేట్ (మురుగులోని అమ్మోనియా నేలలో మారి అయ్యేది). నైట్రేట్‌కు మన ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పాలసీసా తాగే బిడ్డ ఇంట్లో ఉంటే దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఫిల్టరు అమ్మేవాడు టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చూపేది) ముంచి చూపించే అంకెలో ఈ రెండింటి సంగతీ తేలదు.

ఈ పరిస్థితి ఎందుకొచ్చిందంటే, 2007లో బీబీఎంపీ (బెంగళూరు మహానగర పాలిక) ఏర్పడినప్పుడు చుట్టుపక్కల 110 గ్రామాలు నగరంలో కలిశాయి. లేఅవుట్లు వచ్చాయి, ఐటీ పార్కులు వచ్చాయి, భూగర్భ డ్రైనేజీ మాత్రం తాపీగా వచ్చింది. 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ ప్రారంభమైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్లు, ముఖ్యంగా ఈ గ్రామాల కోసమే. నీళ్లొస్తే సంతోషమే, కానీ వచ్చిన నీళ్లన్నీ మళ్లీ మురుగుగా బయటికి పోవాల్సిందే కదా. కొందరు పిట్ గొడవ వదిలించుకోవడానికి గొట్టాన్ని రాజకాలువలో, అంటే వాన నీళ్లు పోయే పెద్ద కాలువలో కలిపేస్తారు. ఆ కాలువలు చెరువుల్లోకి పోతాయి. బెళ్లందూరు చెరువులో నురగ రోడ్ల మీదకు ఎగిరి రావడం, చెరువు మీద మంటలు లేవడం మీరూ టీవీలో చూసే ఉంటారు.

స్థలం కాస్త పెద్దదైతే, దేవనహళ్లి, హొసకోటె, ఆనేకల్ వైపు విల్లా ప్లాటు లాంటిదైతే, మంచి దారి ఉంది. మరుగుదొడ్డి నీళ్లు ఒక లైను, స్నానం, బట్టల నీళ్లు ఇంకో లైను అని ఇల్లు కట్టేటప్పుడే విడదీయండి. వంటింటి నీళ్లు ముందు ఒక చిన్న జిడ్డు చాంబరులో ఆగి, రెండో లైనులోకి రావాలి. మన వంటల్లో నూనె సంగతి తెలిసిందేగా, పులిహోర తాలింపు గిన్నె కడిగిన జిడ్డు గొట్టంలో పేరుకుంటే రాయైపోతుంది. రెండో లైను నీళ్లను రెండడుగుల లోతు కంకర తొట్టిలోకి పంపి, అందులో మెట్టతామర నాటితే చాలు. నీళ్లు కంకర పైకి రాకూడదు, లోపలే పారాలి, అప్పుడు దోమలు రావు. మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్ల తొట్టి సరిపోతుంది. అవతల వచ్చే నీళ్లు అరటికీ కొబ్బరికీ పెట్టొచ్చు, ఆకుకూరలకు మాత్రం వద్దు.

అపార్ట్‌మెంట్ కొనేవాళ్లు ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఉందని బ్రోచర్‌లో చదివి ఊరుకుంటారు. క్లబ్‌హౌస్ చూసినట్టే దాన్నీ వెళ్లి చూడండి. బ్లోయర్, అంటే మురుగులోకి గాలి కొట్టే యంత్రం, తిరుగుతున్న చప్పుడు వినిపించాలి. కరెంటు బిల్లు తగ్గుతుందని దాన్ని ఆపేసే అసోసియేషన్లు ఉన్నాయి. గాలి అందక సూక్ష్మజీవులు చచ్చి, కుళ్లిన గుడ్ల వాసన మొదలవుతుంది. ఆపరేటరును అడిగి, గాలి కొట్టే ట్యాంకులోంచి లీటరు నీళ్లు గాజు జాడీలో పట్టించండి. అరగంట కదపకుండా పెట్టండి. చాక్లెట్ రంగు మడ్డి కిందికి దిగి, పైన తేట నీళ్లు నిలిస్తే ప్లాంటు బతికి ఉన్నట్టు. నల్లగా ఉన్నా, అసలు మడ్డే లేకపోయినా బిల్డరు దగ్గర మాట్లాడాల్సిన పని ఉంది. ఇక ఫ్లష్‌లో నీళ్లు లేత పసుపుగా వస్తున్నాయని కొత్తవాళ్లు టెన్షన్ పడతారు. శుద్ధి చేసిన నీళ్లు అలాగే ఉంటాయి, వాసన లేకపోతే ఫర్వాలేదు.

శుద్ధి చేసిన నీళ్లంటే ముఖం చిట్లించేవాళ్లకు ఒక మాట. బెంగళూరులోని కోరమంగళ, చల్లఘట్ట లోయ మురుగును శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. అక్కడ చాలా ఊళ్లలో తెలుగు మాట్లాడతారు. ఇంకో విడత శుద్ధి చేయాలన్న వాదన ఇప్పటికీ ఉంది, నాకూ అది సబబే అనిపిస్తుంది. కానీ ఎండిన చెరువుల్లో నీళ్లు నిలిచాయన్నది నిజం.

ట్యాంకు ఉన్న ఇంట్లోకి చేరాక పనులు కొన్నే. యాసిడ్, బ్లీచింగ్ డబ్బాలకు డబ్బాలు పోయకండి, లోపల పని చేసే బ్యాక్టీరియా చస్తుంది. బ్యాక్టీరియా పొడి అంటూ అమ్మేవి కొనక్కర్లేదు, అది మనం రోజూ ఉచితంగానే పంపుతున్నాం. రెండు మూడేళ్లకోసారి లారీని పిలిచి మడ్డి తీయించండి. ఇక్కడ దాన్ని హనీ సక్కర్ అంటారు. తీసింది ఎక్కడ పోస్తారో అడగండి. దేవనహళ్లిలో 2015లోనే దీన్ని శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు, అయినా ఖాళీ సైటు కనిపిస్తే అక్కడే వదిలేసే లారీలు ఉన్నాయి. అడుగున కొంచెం మడ్డి మిగల్చమనండి, మళ్లీ ట్యాంకు పని మొదలవడానికి అది కావాలి.

మనిషిని మాత్రం లోపలికి దిగనివ్వకండి. అతనే దిగుతానన్నా, ఐదు నిమిషాల పనే అన్నా సరే. లోపలి గ్యాసుకు మనిషి కేక వేసే వ్యవధి కూడా ఉండదు, కాపాడబోయిన రెండోవాడూ అక్కడే పడిపోతాడు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా దింపడం నేరం, దింపించిన ఇంటి యజమాని మీదా కేసు పడుతుంది. ఇలాంటి చావులకు పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది.

మీ వీధికి డ్రైనేజీ లైను వచ్చి కనెక్షన్ తీసుకున్నాక పాత పిట్‌ను అలాగే మూసి వదిలేయకండి. మడ్డి తీయించి, మొరంతోనో ఇసుకతోనో పై దాకా నింపించండి. బోలుగా ఉన్న పిట్ మీద కారు పెడితే ఏదో ఒక వానాకాలం రింగులు కుంగుతాయి. దాన్నే వాన నీళ్ల ఇంకుడు బావిగా మార్చేద్దాం, ఖర్చు కలిసొస్తుంది అని సలహా ఇచ్చే మేస్త్రీలు ఉంటారు. వద్దని చెప్పి, దానికి వీలైనంత దూరంగా కొత్తది తవ్వించుకోండి.