సంగటి ముద్దను చూసి మొహం తిప్పుకునే పిల్లవాడు

ప్రశ్న: మా బాబుకు 4 ఏళ్లు. పెరుగన్నం, ఉప్మా, బిస్కెట్లు తప్ప మరేదీ ముట్టడు. ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినే రాగి సంగటి, ఆకుకూర పప్పు కంచంలో కనబడితేనే మొహం తిప్పుకుంటాడు. ఒక్క ముద్ద తింటే చాక్లెట్ ఇస్తానని ఆశపెట్టాను, కోప్పడ్డాను కూడా. మా అత్తగారు "ఆకలైతే వాడే తింటాడులే" అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ అత్తగారి మాటలో సగం నిజముంది. మొదటి ఏడాదిలో బరువు మూడింతలయ్యే బిడ్డ ఆ తర్వాత నెమ్మదిగా పెరుగుతాడు కనుక ఆకలీ తగ్గుతుంది. 2 నుంచి 6 ఏళ్ల మధ్య తెలియని పదార్థాన్ని అనుమానంగా చూడడం చాలామంది పిల్లల్లో ఉండేదే. అయితే ఆకలి ఒక్కటే చాలదు, అలవాటు కావాలి. కొత్త రుచికి నాలుక ఒప్పుకోవడానికి 8 నుంచి 15 సార్లు పట్టవచ్చు. మనమేమో మూడోసారికే "వీడికిది నచ్చదు" అని తేల్చేస్తాం.

పెరుగన్నానికి అలవాటుపడిన నోటికి, వేళ్లకు అంటుకునే ఆ ముదురు రంగు ముద్ద రుచి తెలియకముందే కొత్తగా తోస్తుంది. దాని పక్కన మనం వడ్డించే చెనిక్కాయల పచ్చడి కారమూ పెద్దల నాలుకకు తగినదే. అందువల్ల గోలీ అంత సంగటిని కాస్త నెయ్యి రాసి, పెరుగన్నం పక్కనే పెట్టి, దాని ఊసెత్తకుండా మీరూ అతని ఎదుట కూర్చుని అదే తినండి. ముట్టుకుని వదిలేసినా, నాకి ఉమ్మేసినా అదీ ఒకసారి కిందే లెక్క.

నన్నడిగితే, సంగటి కన్నా పప్పు, ఆకుకూర, గుడ్డు గురించే ముందుగా ఆలోచించాలి. రాగుల్లో కాల్షియం మెండు, నిజమే. పెరుగు తినే పిల్లవాడికి అది కొంత అందుతూనే ఉంది. పెరుగన్నంలోనూ బిస్కెట్లలోనూ అంతగా దొరకనిది ఇనుము. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

చాక్లెట్ బేరం మానండి. దానివల్ల చాక్లెట్ విలువ పెరిగి, సంగటి శిక్షగా మారుతుంది. ఏం వండాలో, ఎప్పుడు పెట్టాలో మీ నిర్ణయం, ఎంత తినాలో అతని ఇష్టం. భోజనానికి 2 గంటల ముందు బిస్కెట్లు ఇవ్వకండి, రోజుకు అర లీటరుకు మించి పాలు పట్టకండి.

బరువు పెరగకపోయినా, తినే పదార్థాలు ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నా, గట్టి పదార్థం నోట పెట్టగానే ప్రతిసారీ వాంతి వచ్చినట్లు అవుతున్నా, అంగన్‌వాడీలో నమోదైన బరువుల వివరాలతో పిల్లల వైద్యుణ్ణి కలవండి.