శాన్ స్టార్మ్ ట్రాఫిక్‌లో ఆగితేనే వేడెక్కుతోంది: సమాధానం

మీ శాన్ స్టార్మ్ (చిన్న స్పోర్ట్స్ కారు) థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే వాల్వ్) మార్చినా ట్రాఫిక్‌లో వేడెక్కుతోందని అడిగారు. కావలి దాకా హైవేలో టెంపరేచర్ ముల్లు కదలకుండా, నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఆగితేనే పైకెక్కుతోందంటే అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీదే. థర్మోస్టాట్ ఒకసారి మార్చారు కదా, మళ్లీ ముట్టుకోకండి.

1. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఫ్యాన్ సాకెట్ విప్పకుండా బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ ఉన్న వైరుతో ఫ్యాన్ ప్లస్‌కి కరెంటు ఇవ్వండి.

2. చాలామంది ఇక్కడే మైనస్ కూడా నేరుగా బ్యాటరీకి కలిపేస్తారు, ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, అసలు లోపం మాత్రం దాక్కునే ఉంటుంది. ఎర్త్ (మైనస్ కారు బాడీకి కలిసే దారి) కారుదే ఉండనివ్వండి. ఫ్యాన్ మైనస్ నేరుగా బాడీకి వెళ్తుంటేనే ఈ పరీక్ష పనికొస్తుంది.

3. నీరసంగా తిరిగితే ఎర్త్ బోల్టు విప్పి, మెరిసేదాకా గీకి బిగించండి. మన సముద్రపు గాలికి ముందు తుప్పు పట్టేది అదే.

4. బాగా తిరిగితే రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్), తర్వాత రేడియేటర్ స్విచ్ (వేడెక్కగానే ఫ్యాన్‌ని ఆన్ చేయించేది) చూడండి.