‘జయించిన మహిళ’గా వేదిక ఎక్కలేను, నాది స్వార్థమా?

మాది అనంతపురం. నాకు 44 ఏళ్ళు, టీచర్ని. ఐదేళ్ళ కిందట రొమ్ములో గడ్డ చిన్నగా ఉండగానే కనుక్కున్నారు. ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయ్యాయి. ‘ముందే చూపించుకున్నావు, బయటపడ్డావు’ అన్నారు అందరూ. పోయిన ఏడాది నడుం నొప్పని వెళితే జబ్బు వెన్నెముకలోకి వచ్చిందన్నారు. బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకుంటూ మాత్రలు, ఇంజెక్షన్ల మీద ఉన్నాను. ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలీదు. ఈ అక్టోబరులో అవగాహన ర్యాలీ పెట్టి, ‘క్యాన్సర్‌ను జయించిన మహిళ’గా నన్ను మాట్లాడమంటున్నారు. గులాబీ రంగు చీర కూడా ఇంటికి పంపారు. అది చూస్తేనే ఒళ్ళు మండుతోంది. ‘నలుగురికీ మేలు, పోయిరా’ అంటాడు మా ఆయన. పోనంటే స్వార్థమా? ఇంటర్ చదివే మా అమ్మాయి రోజూ స్నానం చేస్తూ తడిమి చూసుకుంటోంది. అదొక టెన్షన్.

అమ్మా, స్వార్థం కాదు. మీరు అడగని మాట ఒకటి ముందు చెప్పనివ్వండి: జబ్బు తిరగబెట్టింది మీ వల్ల కాదు.

‘ముందే గుర్తిస్తే నయమవుతుంది’ అని ర్యాలీలో బోర్డులు పట్టుకుంటారు. గడ్డను కొంగు చాటున దాచుకుని తిరిగే మనిషికి ఆ మాట చేరాలి. నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళు ఎంతమందో! నొప్పి లేదు కదా అని, మగ డాక్టరుకు ఎలా చూపించాలని, వేరుశెనక్కాయ పని అయిపోనీ అని నెలలు గడిపినవాళ్ళే. కానీ అదే మాట మీ చెవిలో ఇంకోలా పడుతుంది. ‘ముందే చూపించుకున్నా నయం కాలేదంటే నేనేం తప్పు చేశాను?’ అని. గడ్డ చిన్నదే అయినా, కొందరిలో ఆపరేషన్‌కు ముందే కొన్ని కణాలు ఎముకల్లోకి చేరి ఏళ్ళ తరబడి నిద్రపోయినట్టు ఉండి, ఎప్పుడో లేస్తాయి. హార్మోన్ రకం క్యాన్సర్ అయితే ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు మాత్రలు వాడమనేది ఆ భయంతోనే. ఇది మైకులో ఎవరూ చెప్పరు. మీ కోపంలో సగం ఆ చెప్పని మాట గురించే అనిపించింది నాకు.

మీకు పంపిన చీర రంగు, రొమ్ము క్యాన్సర్ అవగాహనకు గుర్తుగా పెట్టుకునే గులాబీ రిబ్బనుది. ఆ రిబ్బనుకు ముందు ఇంకో రిబ్బను ఉండేది. కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అనే 68 ఏళ్ళావిడ, తన ఇంట్లో ఆడవాళ్ళకు ఈ జబ్బు రావడం చూసి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని పీచ్ రంగు రిబ్బన్లు చేతితో చేసి పంచింది. క్యాన్సర్ రాకుండా ఆపే పనికి ప్రభుత్వం డబ్బు ఇంత తక్కువ పెడుతోందేమని ప్రతి రిబ్బనుతోపాటు ఒక చీటీలో అడిగింది. 1992లో ఒక పత్రిక, ఒక సౌందర్య సాధనాల కంపెనీ వచ్చి కలిసి చేద్దామంటే, ఇది వ్యాపారం కాదు పొమ్మంది. వాళ్ళు రంగు మార్చుకుని గులాబీ పెట్టుకున్నారు. కాబట్టి ఆ రంగు చూసి ఒళ్ళు మండితే మీరు చెడ్డవారైపోరు. మొదటి రిబ్బను పుట్టిందే అడగడానికి.

ఇక మీ ఆయన. ఇది నా ఊహే, తప్పయితే క్షమించండి. మైకులో ‘జయించింది’ అని వింటే ఆ కాసేపైనా నిజమనుకోవచ్చని ఆయన ఆశేమో. ఒంటరిగా ఏడాది నుంచి ఈ సంగతి మోస్తున్నాడు కదా, మీలాగే. ఒక రాత్రి పిల్ల పడుకున్నాక ఆ చీర మధ్యలో పెట్టుకుని, ‘ఇది కట్టుకుంటే నేను అబద్ధం చెప్పాలి, నా వల్ల కాదు’ అనండి. మేలు గురించి వాదించకండి, ఆ వాదనలో ఆయనే గెలుస్తాడు.

పిలిచినవాళ్ళకు ‘ఆరోగ్యం బాగాలేదు, రాలేను’ అంటే చాలు. జబ్బు సంగతి చెప్పాల్సిన బాధ్యత లేదు. ఎప్పుడైనా ఏదైనా చేయాలనిపిస్తే, మీ స్కూల్లో 30 దాటిన ఆయమ్మనో, తోటి టీచర్నో పక్కనే ఉన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి పరీక్ష చేయించండి. అనిపించకపోతే వద్దు.

పాప విషయం ఆలస్యం చేయకండి. అమ్మ మొహం చూసి పిల్లలు అన్నీ పసిగడతారు. మీ జబ్బు తిరిగి వచ్చిందని తనకు చెప్పండి, ఎవరి నోటనో వినకముందే. ఆ వయసులో రోజూ తడుముకోవాల్సిన పని లేదు, నెలసరికి ముందు రొమ్ము గట్టిపడి ఉత్త భయమే మిగులుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వందమందిలో ఐదు నుంచి పది మందికే ఇది వారసత్వంగా వస్తుంది. అయితే మీకు 39కే వచ్చింది కాబట్టి, జన్యు పరీక్ష అవసరమా అని ఈసారి డాక్టర్ని అడగండి. ఆ పరీక్ష ముందు చేయాల్సింది మీకు, పాపకు కాదు.

నేను డాక్టర్ని కాను గానీ, ఇది మాత్రం మీ ఆయనకు కూడా చెప్పి పెట్టండి: నడుం నొప్పి ఉన్నట్టుండి ఎక్కువైనా, కాళ్ళు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. మామూలు నొప్పిని కూడా పళ్ళ బిగువున ఓర్చుకోవద్దు. నొప్పి తగ్గించే డాక్టర్లు వేరే ఉంటారు, వాళ్ళు చివరి రోజుల కోసమే అనుకోకండి.

ఈసారి స్కాన్ అయ్యాక నాకు రాయండి. రిపోర్టు ఎలా ఉన్నా సరే.